పిల్లితోక తొమ్మిది

అల్లుడు సంచి సర్దుతున్నాడు. అత్తగారు సర్దినవి తీసేస్తోంది.

తువ్వాలు లోపలికి వెళ్ళింది, బయటికొచ్చింది. పుట్టబోయే బిడ్డ కోసం ఉతికి మడతపెట్టిన మెత్తటి పాత గుడ్డలు లోపలికి వెళ్ళాయి, బయటికొచ్చాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. తెలియనివాళ్ళెవరైనా చూస్తే ఇద్దరూ కలిసి ఏదో పని చేస్తున్నారనుకుంటారు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న వార్తలాయనకి ఇంకోరోజైతే నవ్వొచ్చేది.

వీధిలో అందరికీ ఆయన వార్తలాయనే. ఎన్నో ఏళ్ళుగా రేడియోలో పొద్దుటి వార్తలు చదువుతున్నాడు. ఇంట్లో ఉప్పు అడిగినా వార్త చదివినట్టే ఉంటుందని కూతురు వెక్కిరిస్తుంది.

"అత్తయ్యగారూ, ఇలా తీసి పెడుతూ ఉంటే ఆ గుడ్డలు అరిగిపోతాయి. బిడ్డ పుట్టేసరికి చేతిరుమాళ్ళు మిగుల్తాయి," అన్నాడు అల్లుడు.

"ఎల్లుండయితే నేనే సర్దుతాను. రేపు మాత్రం ఈ సంచి గుమ్మం దాటదు."

"డాక్టరమ్మ చెప్పింది మీరూ విన్నారు కదండీ. ఉమ్మనీరు తగ్గిపోయింది, రేపు పొద్దున్నే ఆపరేషన్ చేసి బిడ్డని తీసెయ్యాలంది. ఆ పైన ఆగితే నాది పూచీ కాదంది."

"ఆవిడకేం, చెప్తుంది. రేపు ఆపరేషన్ బల్లలన్నీ ఖాళీ ఆవిడకి. రేపు కంటానని ఏ తల్లయినా ఒప్పుకుంటుందా? అందరూ ఇవాళే కన్నారు, లేకపోతే ఎల్లుండికి రాయించుకున్నారు. మన పిల్లే దొరికింది."

"ఖాళీగా ఉండబట్టే నాకు బల్ల దొరికిందమ్మా," అంది కూతురు. వాచిన కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని పడక్కుర్చీలో కూర్చుని ఉంది. "లేకపోతే టోకెన్ తీసుకుని క్యూలో కనాల్సి వచ్చేది."

"నీకు హాస్యంగా ఉందా? రేపు పందొమ్మిదే!"

ఆ మాట అనగానే గదిలో ఉన్న నలుగురూ ఆగిపోయారు. వినకూడని జబ్బు పేరేదో విన్నట్టుగా.

ముందుగా కదిలింది ఆవిడే. భర్త వైపు తిరిగింది.

"మీరు చెప్పండి. దేశానికంతా ఆ మాట నేర్పిన పెద్దమనిషి మీరే కదా. కన్నకూతురికి చెప్పలేరా?"

పదకొండేళ్ళుగా ఆ దెప్పిపొడుపు ఇంట్లో అప్పుడప్పుడూ వినబడుతూనే ఉంది. ఎప్పుడూ సగం నవ్వుతూ అనేది. ఇవాళ ఆ నవ్వు సగం లేదు.

"నాన్ననేం అనకు," అంది కూతురు. "అసలు విషయం విను. నువ్వు రాకపోతే నేను కారెక్కను."

"బెదిరిస్తున్నావుటే?"

"లేదమ్మా. భయం."

ఒక్క మాట. ముప్ఫైకి దగ్గరపడుతున్న పిల్ల, నలుగురిని కూర్చోబెట్టి పని చేయించే పిల్ల, ఎప్పుడో చీకటి గదిలోకి వెళ్ళడానికి వేలు పట్టుకున్నప్పటి గొంతుతో అన్న మాట.

ఆవిడ చేతిలో ఉన్న గుడ్డ సంచిలో పెట్టలేదు, బయటా పెట్టలేదు. దాన్ని అలాగే పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అల్లుడు గుమ్మం దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. అతనికి కళ్ళద్దాల షాపు ఉంది. "మామయ్యగారూ, మా షాపుకి ఇలాంటివాళ్ళు రోజూ వస్తారు. దూరంగా గోడ మీద ఉన్నది చిన్న అక్షరంతో సహా చదివేస్తారు. చేతిలో పెట్టింది కనబడదు. వాళ్ళకైతే అద్దాలిస్తాను. అత్తయ్యగారికి ఏమివ్వాలో చెప్పండి."



*

పదకొండేళ్ళ కిందట, పందొమ్మిదో తేదీన, వంతెన కూలినప్పుడు దాని మీద ఆరు బస్సులున్నాయి. ఒకదానిలో ఆవిడ తమ్ముడు ఉన్నాడు.

అతనిది బస్సుల నుదుట నెంబర్లు రాసే పని. ఒక డిపోలో పని అయిపోతే రంగుడబ్బాలు పట్టుకుని ఇంకో డిపోకి వెళ్ళేవాడు. అతని చేతిలో తొమ్మిది అంకెకి కిందికి దిగిన గీత చివర చిన్న వంపు తిరిగేది, గోడ మీద కూర్చున్న పిల్లి తోకలాగా. డిపోలో అతన్ని పిల్లితోక అనే పిలిచేవాళ్ళు. ఊళ్ళో ఏ తొమ్మిది కనబడ్డా అక్కగారు చూసి, "ఇది మావాడిది, ఇది కాదు," అని చెప్పేసేది.

మొదటి మూడు రోజులూ అతను దొరకలేదు. ఇంట్లో రేడియో ఆపనివ్వలేదు ఆవిడ. ముందుగా తెలిసేది నా భర్తకేగా అనుకుంది. వార్తలాయన స్టూడియోలో చదువుతున్నాడు: వంతెన కూలిన చోట, వంతెన శిథిలాల కింద, వంతెన దుర్ఘటనలో. ఇంటికొస్తే అప్పుడే కాలేజీలో చేరిన కూతురు వాకిట్లోనే ఆపి చెప్పింది: "నాన్నా, నువ్వు వంతెన అన్నప్పుడల్లా అమ్మ చేతిలోని గిన్నె జారి పడిపోతోంది. నిన్న రెండు. ఇవాళ పొద్దున్న పాలగిన్నె."

నాలుగో రోజు స్టూడియోలో కూర్చుని చేతిలోని కాగితం వైపు చూశాడు. ప్రతి వాక్యంలోనూ ఆ మాట ఉంది. ఒక్కొక్కటీ వంటింట్లో నేల మీద పడబోయే గిన్నెలా కనబడింది. ఎర్ర బల్బు వెలిగింది. ఆయన నోట, తను అనుకోకుండానే, వంతెన అనవలసిన చోటల్లా తేదీ వచ్చింది. పందొమ్మిది మృతులు. పందొమ్మిది బాధితులు. పందొమ్మిదిపై విచారణ.

"ఇదేంటయ్యా?" అన్నాడు బయటికొచ్చాక డైరెక్టరు.

"పొట్టిగా ఉంది. సమయం కలిసొస్తుంది," అన్నాడు ఆయన.

డైరెక్టరుకి అది నచ్చింది. నచ్చడానికి ఇంకో కారణం ఉంది. ఆ వంతెనకి ఇవతల గట్టు వాళ్ళది ఒక పేరు, అవతల గట్టు వాళ్ళది ఒక పేరు. ఏది చదివినా రెండోవాళ్ళు ఫోన్లు చేసి తిట్టేవాళ్ళు. తేదీకి గట్లు లేవు. వారం తిరక్కుండా పేపర్లు అదే రాశాయి. ఆ తరవాత టీ కొట్టు దగ్గర విన్నాడు, బస్సులో విన్నాడు. "మా బాబాయి పందొమ్మిదిలో పోయాడండీ," అనేవాళ్ళు, పందొమ్మిది అనేది మనుషులు వెళ్ళి తిరిగి రాని ఒక ఊరయినట్టు. ఆ తేదీకి ఎవరూ పెళ్ళిళ్ళు పెట్టుకోవడం మానేశారు. కొత్త షాపులు తెరవడం మానేశారు. పందొమ్మిదో నెంబరు బస్సెక్కడానికి జనం జంకుతున్నారని ఆ నెంబరు తీసేసి పద్దెనిమిది ఏ అని రాయించారు. దాని నుదుట ఉన్న పిల్లితోక మీద ఇంకెవరో రంగు పూశారు.

ఆ సంగతి ఇంట్లో వార్తలాయన చెప్పలేదు. ఆవిడ స్వయంగా బస్టాపులో చూసి వచ్చింది. ఆ పూట అన్నం వడ్డించి, తను తినకుండా లేచిపోయింది.

ఆ మాట ఎందుకు మార్చాడో ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా పొట్టిగా ఉందనే అన్నాడు. ఆవిడ గుచ్చి అడగలేదు. భార్య చెవిన పడకుండా ఒక మాటని దాచానని చాలాకాలం లోలోపల తృప్తిగా ఉండేది. తరవాత ఆ తృప్తి కిందనుంచి ఇంకేదో పైకి రావడం మొదలుపెట్టింది. వంతెన ఎక్కడో దూరాన ఉంది. ఆ దారిన వెళ్ళకపోతే చాలు, దాన్ని చూడకుండా బతకొచ్చు. తేదీ అలా కాదు. అది తనంతట తనే నడుచుకుంటూ ఇంటికొస్తుంది. తలుపు వేసుకున్నా లోపల ఉంటుంది. దూరంగా పడి ఉన్న దుఃఖాన్ని తనే పిలిచి ఆవిడ వంటింట్లో కూర్చోబెట్టాడా?

ఆ ప్రశ్న దాకా వచ్చి ఆయన ఎప్పుడూ వెనక్కి తిరిగేవాడు.

*

సాయంత్రం వంటింట్లో ఆవిడ కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది. ఆ గుడ్డ భుజం మీద ఉంది. ఆయన వెళ్ళి, తడిసిన గట్టు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"కాఫీ కావాలా?"

"వద్దు."

"అయితే వార్తలేమిటి?"

"నేను నీతో మాట్లాడదామని వచ్చాను."

"ముఖ్యాంశాలు చెప్పండి చాలు."

ఆయన కుళాయి కట్టేశాడు. నీళ్ళ చప్పుడు ఆగాక గదిలో దాక్కోవడానికి చోటు మిగల్లేదు.

"మంచిరోజు కాదని నువ్వు నమ్ముతున్నావా? ఎప్పుడూ అలాంటివి పట్టించుకోలేదు కదా."

"మంచీ చెడూ ఏమిటి? అవన్నీ మీ అల్లుడికి చెప్పే మాటలు." గిన్నె బోర్లించింది. "పిల్లకి చెప్పలేను. మీకు చెప్పినా అర్థమవుతుందో లేదో."

"చెప్పు."

ఆయన ఆగాడు. స్టూడియోలో రెండు వాక్యాల మధ్య ఎంతసేపు ఆగాలో తెలిసినవాడు. ఈ నిశ్శబ్దం ఆ కొలతకి అందలేదు.

"ఏడాదంతా వాడు ముక్కలు ముక్కలుగా గుర్తొస్తాడు," అంది చివరికి. "రంగు వాసనొస్తే ఒక ముక్క. సందు చివర ఎవరైనా ఈల వేస్తే ఒక ముక్క. ఆ ఒక్కరోజే మొత్తంగా వస్తాడు. చెప్పులు విడిచి లోపలికొచ్చి, ఏమే అక్కా, అని కూర్చుంటాడు. ఆ రోజు కూడా మొత్తం నాకు దక్కదు. ఊరేగింపులంటారు, ఉపన్యాసాలంటారు, వాడి మొహం ఎరగనివాళ్ళంతా వాడి కోసం లేచి నిలబడతారు. దేశం సగం తీసేసుకుంది. మిగిలిన సగంతో గడుపుకొస్తున్నాను. రేపు బిడ్డ పుడితే ఆ సగం బిడ్డ తీసుకుంటుంది."

"పుడితే సంతోషపడవా?"

"అదే నా భయం. పడతాను. ఆ మొహం చూశాక వాడు జ్ఞాపకం ఉంటాడా? ప్రతి ఏడూ ఆ రోజు కేకులు, బెలూన్లు. నేనే అందరికన్నా ముందు చప్పట్లు కొడతాను. అప్పుడు వాడు చెప్పులు విడిచి లోపలికొస్తే నేను తలెత్తి చూస్తానా?"

ఆయన ఎన్ని వేల మరణాల గురించి చదివాడో, ఒక్కసారీ ఇలా ఎవరూ చెప్పలేదు.

"మీరు ఆ మాట నా కోసమే మార్చారని నాకు తెలుసు," అంది ఆవిడ.

ఆయన తలెత్తాడు.

"నాలుగో రోజునే తెలిసింది. పొట్టిగా ఉందని మార్చే మనిషి కారు మీరు. ఉప్పు అడగడానికే పెద్ద వాక్యం కావాలి మీకు."

"మరి ఎప్పుడూ అనలేదేం?"

"ఏమననూ? నా మీద ప్రేమతో చేశారు. కాదనడానికి మనసొప్పలేదు. కానీ చూడండి, మీరు వంతెన అన్నప్పుడు చేతిలో గిన్నె పడేది. పందొమ్మిది అన్నప్పటినుంచీ నేనే పడ్డాను. ఆ చప్పుడు మీకు వినబడలేదు, అంతే."

ఆయన గట్టు మీద ఉన్న చేతిని చూసుకున్నాడు. ఆవిడ భుజం మీది గుడ్డ తీసి, ఆ చేతికింద ఉన్న తడి తుడిచింది. చెయ్యిని కూడా తుడిచింది. తుడిచాక వెంటనే వదల్లేదు.

"ఒకటి అడుగుతాను. కోప్పడకండి."

"అడుగు."

"రేపు పొద్దున్న మీరే కదా చదవాలి."

"ప్రతి ఏడూ నేనేగా."

"రేపు వంతెన అనండి."

పందొమ్మిది నాటి పొద్దుటి వార్తలకి ఒక పద్ధతి ఏర్పడిపోయింది. 'ఈరోజు పందొమ్మిది' అని ఒకే ఒక్క వాక్యం. నెల చెప్పకూడదు, ఏం జరిగిందో చెప్పకూడదు. తరవాత నిమిషం మౌనం. బస్సులు రోడ్డు మీదే ఆగిపోతాయి. పిల్లలు బడుల్లో లేచి నిలబడతారు. ఆ వాక్యం మార్చడమంటే డైరెక్టరుతో గొడవ పెట్టుకోవడం కాదు, నిలబడి ఉన్న దేశాన్ని కుదిపెయ్యడం.

"దానివల్ల ఏమవుతుంది?"

"జరిగిన చోటుకి దాని పేరు దానికి ఇచ్చెయ్యండి. కూలింది వంతెన. తేదీ కాదుగా. తేదీని ఇంటికి తీసుకొచ్చెయ్యండి. దాన్లో వాడూ ఉంటాడు, పిల్లా ఉంటుంది. చోటు సరిపోతుందేమో చూద్దాం."

"అంటే నేను చదివితే నువ్వు ఆసుపత్రికి వస్తావా?"

"నేనేం మాటివ్వను. ఇక్కడే రేడియో దగ్గర ఉంటాను. వినగలనో లేదో కూడా తెలీదు."

"చూస్తాను."

"చూడ్డం కాదండీ. చదవండి," అంది ఆవిడ. అని కుళాయి తిప్పింది.

*

పొద్దున్న ఆయన బయల్దేరేటప్పటికి కారు గేటు దగ్గర నిలబడి ఉంది. అరుగు మీద పడక్కుర్చీలో కూతురు దిండుకి ఆనుకుని కూర్చుంది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని లోపలి కదలిక కోసం చూసుకుంటోంది. పక్కన సగం సర్దిన సంచి.

"నాన్నా, అమ్మ లేచింది కానీ మాట్లాడటం లేదు."

"బిడ్డ?"

"ఇందాక ఒక్కసారి కదిలింది. నీలాగే, అవసరమైతే తప్ప కదిలేలా లేదు."

"డాక్టరమ్మ ఎనిమిదింటికల్లా బల్ల మీద ఉండాలంది," అన్నాడు అల్లుడు. ఈసారి హాస్యం లేదు. "మామయ్యగారూ, మీ మౌనం అయ్యేదాకా చూస్తాను. తరవాత ఎత్తుకెళ్ళయినా తీసుకెళ్ళిపోతాను."

"నన్నెత్తడానికి ఇద్దరు కావాలి," అంది కూతురు కళ్ళు మూసుకుని. మూసుకున్న కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

వార్తలాయన ఆ నుదుటి మీద చెయ్యి పెట్టాడు. ఏదో అనబోయాడు. ఆ గొంతుతో ఏమన్నా వార్తలాగే ఉంటుందని ఊరుకున్నాడు. వంటింటి కిటికీ వైపు చూస్తే ఆవిడ వీపు కనబడింది, రేడియో పక్కన.

స్టూడియోలో ప్రతి ఏడూ ఉండే నిశ్శబ్దమే ఉంది. అద్దం అవతల డైరెక్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బల్ల మీద కాగితం. మొదటి పేజీలో ఒక్కటే వాక్యం. తరవాత పేజీల్లో మంత్రి ప్రసంగం, పూలమాలలు, పందొమ్మిది, పందొమ్మిది.

ఎర్ర బల్బు వెలిగింది.

ఈ గదిలోనే ఆ మాట మొదటిసారి తన నోట వచ్చింది. అప్పుడది భార్యకి మాత్రమే చెప్పిన మాట. మిగిలినవాళ్ళంతా పక్కనుంచి విన్నారు. ఇప్పుడూ అంతే అనుకున్నాడు. వంటింట్లో ఉన్న ఒక్క వీపుతో మాట్లాడాలి. అంతే.

"పదకొండేళ్ళ కిందట ఇదే రోజు," అన్నాడు, "వంతెన కూలింది."



బల్బు ఆరింది. మౌనం మొదలైంది.

అద్దం అవతల డైరెక్టరు చేతులు విడిపోయాయి. ఆయన అటు చూడలేదు. వంటింట్లో గచ్చు మీద ఏం పడింది? వినబడదని తెలిసినా చెవులు రిక్కించాడు. దేశం మొత్తం నిశ్శబ్దంగా ఉన్న ఆ ఒక్క నిమిషంలో ఆయనకి కావలసింది ఒకే ఒక్క చప్పుడు.

బల్ల మీద ఫోను దీపం మిణుకుమంది. స్టూడియో ఫోను మోగదు, వెలుగుతుందంతే. చెయ్యి తనంతట తనే వెళ్ళింది.

అవతల మాట లేదు. ఊపిరి ఉంది. ముప్ఫై ఏళ్ళుగా పక్కన విన్న ఊపిరి.

"గిన్నె పడిందా?" అన్నాడు గుసగుసగా.

"పడింది."

దూరంగా ఎక్కడో కారు హారను అదేపనిగా మోగుతోంది.

"తీసి పక్కన పెట్టాను," అంది ఆవిడ. "ఊరంతా మౌనంగా ఉంటే మీ అల్లుడు ఎలా హారను కొడుతున్నాడో చూశారా? వీధిలో వాళ్ళంతా కిటికీల్లోంచి తిట్టుకుంటున్నారు. పరువు తీస్తాడు. సంచి కూడా సరిగ్గా సర్దలేదు, బిడ్డ గుడ్డలు ఇక్కడే వదిలేశారు. తీసుకుని వెళ్తున్నాను."

"ఏమే..."

"పిల్ల ఎదురుచూస్తోంది. మీరు త్వరగా రండి."

ఫోను పెట్టేసింది. ఆయన రిసీవరు చెవి దగ్గరే ఉంచుకున్నాడు. ఆ చెవిలో ఇంకా హారను మోగుతున్నట్టే ఉంది. నిమిషం పూర్తవబోతోంది.

అద్దం మీద టకటకమని చప్పుడైంది. డైరెక్టరు రెండో పేజీ అద్దానికి ఆనించి పట్టుకున్నాడు. మొదటి వరుసలో ఒక మాట మీద వేలు పెట్టి గట్టిగా నొక్కుతున్నాడు. ఆ వేలి కింద మాట కనబడడం లేదు. కనబడనక్కర్లేదు, అది పందొమ్మిదే. డైరెక్టరు వెనక బల్ల మీద ఫోను దీపాలు ఒక్కొక్కటిగా వెలుగుతున్నాయి. ఇవతల గట్టు నుంచో, అవతల గట్టు నుంచో.

పేరు ఇచ్చెయ్యమంది ఆవిడ. ఒక్కసారికి మాత్రమేనని అనలేదు.

వార్తలాయన రిసీవరు దించి, రెండో పేజీ ముందుకి లాక్కున్నాడు. ఎర్ర బల్బు మళ్ళీ వెలిగింది.